పెనుకొండ దొరసాని ఇంగ్లీషు

సీమకు, అంటే ఇంగ్లండుకు, వెళ్ళి చదువుకోవాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష ఒకటి రాయాలని చెబితే మనవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే చదివి, ఆరేళ్ళుగా గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం ఇంగ్లీషులోనే చెబుతున్నదాన్ని, నాకు పరీక్షేమిటని. ఆ నవ్వు మద్రాసులో ఒక గదిలో, టేపు తిరగడం మొదలైన అర నిమిషానికే ఆగిపోయింది. టేపులోని దొర మాట్లాడింది ఇంగ్లీషేనా అని అనుమానం వచ్చింది. నేను తప్పాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడిగితే ఫలితం ఇంకా రాలేదన్నాను. బాపట్ల దగ్గర ఇసుక నేలల్లో మా నాన్న వేసిన వేరుశనగ వరసగా రెండేళ్ళు ఆకుమచ్చ తెగులుతో మాడిపోయింది. "ఇంత చదివావు కదమ్మా, దీనికి మందేమిటి?" అని ఒకరోజు మాడిన ఆకు నా చేతికిచ్చి అడిగాడాయన. ఆ తెగులు గురించే చదవడానికి సీమలో ఒక విశ్వవిద్యాలయం నాకు చోటిచ్చింది, ఉపకార వేతనం కూడా వచ్చింది. మిగిలింది ఈ పరీక్షే. ఇంకొక్కసారి కూర్చోవచ్చని, ఇదే ఆఖరని ఉత్తరం వచ్చింది. దాన్ని పెట్టె అడుగున చీరల కింద దాచి, పరీక్షకు పది రోజుల ముందు హిందూపురం రైలెక్కాను.

హిందూపురం

హిందూపురంలో నా స్నేహితురాలు కామాక్షి ఆడపిల్లల బడిలో టీచరు. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. స్టేషనుకు వచ్చి నా పెట్టె అందుకుంటూనే, "ఏమే, ఇంత చిక్కిపోయినావు! కూడు తింటాండావా లేదా?" అంది.

ఊరంతా బెల్లం వాసన, దాని మీద చింతపండు వాసన. బజారులో బండ్ల కొద్దీ బెల్లం దిమ్మెలు దించుతున్నారు. దిమ్మెల మీద ముసిరిన కందిరీగల్ని ఎవరూ తోలరు, అవీ ఎవరినీ కుట్టవు. కూలి అడిగే మనిషి తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తాడు. డబ్బుల్ని దుడ్లంటారు. హోటల్లో కాఫీ పదిహేను పైసలు. కాఫీ అంటే కాఫీ, మా వైపు చికోరీ నీళ్ళలాంటిది కాదు.

ఇంటికి వెళ్ళి పెట్టె తెరిస్తే అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత ఊడి ఉంది. చీరలకు ఏమీ కాలేదు. నూనె అంతా ఉచ్చారణ నిఘంటువు తాగింది. అరువు తెచ్చుకున్న పుస్తకం, సగం నుంచి చివరిదాకా పేజీలు ఒక్క ముద్దయిపోయాయి. నేను ఏడుపు మొహం పెట్టేసరికి కామాక్షి నవ్వింది.

"పుస్తకం చూసి గొంతు నేర్చుకుంటారా ఎవురైనా? అసలేం పరీక్షే అది?"

రాత్రి సంగటి, చెనక్కాయల పచ్చడి, అంటే వేరుశనగ పచ్చడి, తింటూ చెప్పాను. వెళ్ళాలనుకునేవాళ్ళు తెలుసుకోవడం మంచిది కనుక ఇక్కడా చెబుతున్నాను. ఇది మన బి.ఏ. పరీక్షలాంటిది కాదు. పద్యాలుండవు, వ్యాఖ్యానాలుండవు. అక్కడి తరగతిలో కూర్చుంటే పాఠం తలకెక్కుతుందా లేదా అని మాత్రమే చూస్తారు. ముందు చెవికి పరీక్ష. టేపులోంచి మూడు మాటలు వస్తాయి, ఏ రెండూ ఒకటో చెప్పాలి. షిప్, షీప్, షిప్. మనకు అన్నీ ఒకటే. తరవాత ఒక వాక్యం వస్తుంది, ఆ మనిషి అడుగుతున్నాడా, అనుమానిస్తున్నాడా, విసుక్కుంటున్నాడా అన్నది గొంతు విరుపు బట్టి గుర్తించాలి. ఆపైన ఇద్దరి సంభాషణ. ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు, మళ్ళీ వెయ్యమంటే వెయ్యరు. చదవడం, వ్యాకరణం వేరే కాగితాల మీద, గడియారం పెట్టి. నిఘంటువు పట్టుకెళ్ళనివ్వరు. చివర ఒక దొరతో ముఖాముఖి. చదవడంలో బాగా వస్తే చెవిలో తక్కువైనదాన్ని అది పూడ్చదు, దేని లెక్క దానిదే. ఫలితం మన చేతికివ్వరు, కవరు అంటించి నేరుగా విశ్వవిద్యాలయానికి పంపుతారు.

కామాక్షి ఎంగిలి చేత్తోనే నా వైపు జరిగింది.

"పెనుకొండలో ఒక అవ్వ ఉండాది" అంది. "నరసవ్వ. వెనక ఆడ ఒక రైల్వే దొర భార్య ఉండె. ఆమె కాడ ఆయాగా చేసింది. దొరసాని పోయి ఇరవై ఐదేండ్లాయ. నాలుగ్గంటల యాలకు అవ్వ ఇంగ్లీషు మాట్లాడితే దొరసాని మాట్లాడినట్టే ఉంటాదంట."

"అయితే రేపే వెళ్దాం."

"నువ్వు పో. మా చిన్నమ్మ ఉండాది ఆడ, ఆమె ఇంట్లో దిగు." ఆమె ఎంగిలి చేతిని చూసుకుంటూ అంది, "నేను మాత్రం రాను. ఒకసారి పోయినా. గేటు కాడి నుంచే వెనక్కొచ్చినా."

పెనుకొండ, మొదటి సాయంత్రం

పెనుకొండ ఊరు కొండను ఆనుకొని పడుకున్నట్టు ఉంటుంది. ఎటు చూసినా కోట గోడ ముక్క. ఒకచోట దాన్ని ఆసరా చేసుకొని పశువుల కొట్టం, ఇంకోచోట బడ్డీ కొట్టు. రాజుల కాలపు రాయి మీద ఆడవాళ్ళు పిడకలు కొడుతున్నారు. మా వైపు ఇలాంటి రాయి ఒక్కటి దొరికితే చుట్టూ కంచె వేసి బోర్డు పెడతారు.

కామాక్షి చిన్నమ్మ తాయమ్మది పెద్ద సేద్యగాళ్ళ ఇల్లు. మేము పిన్ని అన్నదాన్ని వీళ్ళు చిన్నమ్మ అంటారు కనుక నేనూ అలాగే పిలిచాను. ఓళిగలు, అంటే మా బొబ్బట్లే, వేసి, వాటి మీద చారెడు నెయ్యి పోసింది. నేను నరసవ్వ పేరెత్తగానే నెయ్యి గిన్నె కింద పెట్టింది.

"పొద్దున పూట పో తల్లీ. మంచి మనిషి. నాలుగ్గంటల యాలకు మాత్రం ఆ తట్టు ఎవురూ పోరు."

"ఆవిడ ఇంగ్లీషు మాట్లాడేది ఆ వేళకేనట కదా చిన్నమ్మా."

"ఆమె గాదు మాట్లాడేది" అంది తాయమ్మ. ఇక ఏం అడిగినా చెప్పలేదు.

రొద్దం వెళ్ళే దారిలో, ఊరు దాటాక ఉంది ఆ బంగళా. పెంకులు సగం జారిపోయి వాసాలు కనిపిస్తున్నాయి. గేటుకు ఒక రెక్కే ఉంది. వాకిలి మాత్రం ఆ పూటే ఊడ్చి నీళ్ళు చల్లినట్టుంది. పక్కన వంటపాకలోంచి ఒక ముసలావిడ వచ్చింది. సన్నగా, నిటారుగా, చెవులకు పెద్ద కమ్మలు. చూపు నా మొహం మీద ఆనించి కదపలేదు.

"ఎవురు తల్లీ? యా ఊరు?"

"బాపట్ల, అవ్వా. తాయమ్మగారింట్లో దిగాను. మీకు ఇంగ్లీషు బాగా వచ్చునని చెప్పారు."

"నాకా?" ఆమె పళ్ళు లేని నోటితో నవ్వింది. "నాకు యాడొస్తాది? రొద్దం కాడ గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినదాన్ని, వేలిముద్ర ఏస్తా. ఇంగ్లీషు మా దొరసానికొస్తాది."

"ఆవిడ పోయారట కదా?"

"పోతే? టీ తాగే యాలకు వస్తాది. నువ్వు ఆ మూల కూచో. నీ అంతట నువ్వు మాట్లాడొద్దు. అడిగితే చెప్పు."

గదిలో ఒక పేము కుర్చీ, చిన్న బల్ల, బల్ల మీద రెండు పింగాణీ కప్పులు. కుర్చీ అల్లిక నడిమధ్య ఎవరో ఇప్పుడే లేచినట్టు గుంటపడి ఉంది. నేను మూలనున్న చెక్కపెట్టె మీద కూర్చున్నాను. పడమటి కిటికీలోంచి ఎండ జరిగి బల్ల కాలు తాకగానే అవ్వ టీ తెచ్చింది. రెండు కప్పుల్లో పోసి, కుర్చీ ముందు నేల మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది.

కాసేపు ఏమీ లేదు. బయట ఉడత అరుస్తోంది. ఆ అరుపు ఆగింది.

అప్పుడు ఆ గదిలో ఒక ఆడమనిషి ఇంగ్లీషులో మాట్లాడింది. వయసు మళ్ళిన గొంతు కాదు. సన్నగా, కొంచెం అలసటగా, మాటల అంచులు మింగేస్తూ ఒకదానిలోకి ఒకటి జార్చే గొంతు. మద్రాసు టేపులో విన్నది ఇలాంటిదే. నాకు అర్థమైనవి రెండే మాటలు, టీ అని, నరసా అని.

"వేడిగానే ఉండాది తల్లీ, నిదానంగా తాగు" అని అవ్వ తెలుగులో జవాబిచ్చింది.

తెలుగు మాట్లాడినప్పుడు అవ్వ భుజాలు కదిలాయి. ఇంగ్లీషు వచ్చినప్పుడు కదల్లేదు. అది గమనించాక తలుపు వైపు చూశాను. లేచి పోదామనుకున్నాను. పెట్టె అంచు పట్టుకొని అక్కడే కూర్చుండిపోయాను. అరగంట అలా ఇంగ్లీషు, తెలుగు మారి మారి నడిచి, ఎండ బల్ల కాలు దాటాక ఆగిపోయింది. అవ్వ రెండు కప్పులూ తీసుకుంది. రెండూ ఖాళీగా ఉన్నాయి.

కొండ మీద

ఆ రాత్రి తాయమ్మ నా నుదుటన విభూతి పెట్టి, "ఇంగ పోవద్దులే" అంది. పోకూడదనే అనుకున్నాను. కానీ తెల్లవారేసరికి ఒక సంగతి తోచింది. ఆ గొంతును నేను అరగంట విన్నాను. మొదట్లో రెండు మాటలు తెలిస్తే, చివరికి అయిదారు తెలిశాయి. మద్రాసులో ఆ టేపును రెండోసారి వెయ్యమని నేను బతిమాలిన విషయం గుర్తొచ్చింది. ఇక్కడ రోజూ వేస్తున్నారు.

రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పక్కకు జరిగి కూర్చుని అవ్వ మొహం చూశాను. ఇంగ్లీషు వినిపించినప్పుడు ఆమె పెదాలు కదులుతున్నాయి, కానీ ఆ మాటలకు సరిపడేట్టు కదలడం లేదు. నేను అబద్ధం రాయడం లేదు. అలాగని అది ఏమిటో చెప్పగలిగినదాన్నీ కాను. మూడో రోజు మొహం చూడడం మానేసి, కళ్ళు మూసుకొని చెవులు మాత్రం అక్కడ పెట్టాను. ఆ రోజు దొరసాని కిటికీ దగ్గర గులాబీల గురించి, దూరంగా కూసిన రైలింజను గురించి మాట్లాడింది. కిటికీ దగ్గర గులాబీలు లేవు, జిల్లేడు చెట్టు ఉంది. మాటలు మాత్రం తెలిశాయి.

పొద్దుటి పూట కొండెక్కి, ముందురోజు విన్నవి గొంతెత్తి అనుకునేదాన్ని. సగం మెట్లలో చెప్పు తెగింది. చేత పట్టుకొని వట్టి కాళ్ళతో ఎక్కాను. పైన కూలిన మండపాలు, గాలి, అంతే. ఒక గోడ నీడలో కూర్చుని షిప్ అని, షీప్ అని, వాక్యాలకు విరుపు ఇచ్చి, చాలాసేపు చెప్పుకున్నాను. గోడ అవతలి నుంచి గొర్రెలు కాసే ఆడమనిషి ఒకతె తొంగి చూసింది.

"ఎవురితో మాట్లాడ్తాండావమ్మా?"

"ఎవరూ లేరమ్మా. పాఠం అప్పజెప్పుకుంటున్నాను."

"అట్లనా." ఆమె నా పక్క ఖాళీ రాయి వైపు, నా వైపు చూసింది. "ఇద్దురు మాట్లాడ్తాండారనుకొంటి."

నేను చెప్పు చేత్తోనే పట్టుకొని కొండ దిగాను.

నాలుగో రోజు

నాలుగో రోజు టీ పోసిన కాసేపటికి గొంతు అడిగింది, "ఆ మూల కూర్చున్నది ఎవరు, నరసా?"

ఇంగ్లీషులోనే. ఒక్క మాట పోకుండా తెలిసింది, అదే భయపెట్టింది.

"కోస్తా తట్టు పిల్ల తల్లీ. పరీచ్చకు పోతాదంట."

"ముందుకు రమ్మను."

అవ్వ వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపింది. నేను వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాను. ఖాళీ కుర్చీ నా ఎదుటే ఉంది. ఎక్కడ చూడాలో తెలియక టీ కప్పు వైపు చూశాను.

"ఎందుకు వెళ్తున్నావు?" అంది గొంతు.

ఉపకార వేతనం కోసం రాసిన నాలుగు వాక్యాలు నాకు కంఠస్థం. దేశసేవ, శాస్త్రాభివృద్ధి. అవి చెప్పాను.

"అది కాగితం మీద రాసింది. నిన్ను అడిగాను."

నాన్న మాడిన ఆకు చేతికిచ్చి అడిగిన మాట చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది, అయినా చెప్పాను.

"ఇదివరకు ఒకసారి తప్పావు కదూ?"

ఆ సంగతి కామాక్షికి కూడా తెలియదు. ఉత్తరం తాయమ్మ ఇంట్లో తాళం వేసిన పెట్టెలో ఉంది. అవునన్నాను. ఏ భాషలో అన్నానో గుర్తులేదు.

"అయితే భయపడినందువల్లే. చెవి భయపడితే వినదు. రేపు రా."

ఆ తరవాతి రెండు రోజులూ దొరసాని ఎక్కువగా నాతోనే మాట్లాడింది. తప్పుగా పలికితే నేను సరిగ్గా అనేదాకా ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనేది. వేళ దాటాక అవ్వ మామూలు అవ్వ అయిపోయి, "సరిగ్గా చెప్తాండాదా మా దొరసాని?" అని గర్వంగా అడిగేది. భయం పోలేదు. దానికి అలవాటు పడ్డానంతే, చీకటి గదిలో కాసేపటికి కళ్ళు అలవాటు పడినట్టు.

వెళ్ళే రోజు పొద్దున అవ్వ ఒక మూట చేతికిచ్చింది. వేయించిన చెనక్కాయలు, సద్ద రొట్టెలు, అంటే మా సజ్జ రొట్టెలే.

"ధర్మవరం మీదనే గదా పోతాండావు? మావాడు హనుమంతప్ప ఆడ రైల్వేలో ఉండాడు. ఇది ఇయ్యి తల్లీ. పండగకు పొద్దున వచ్చి మధ్యాహ్నానికే పోతాడు. నాలుగ్గంటలకు ఈ ఇంట్లో ఎప్పుడూ ఉండడు."

ధర్మవరం

ధర్మవరం వీధుల్లో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. కొత్త మనిషిని చూసినా ఆగదు. ఒక అరుగు మీద జరీ అంచు చీర ధర అడిగాను. నా నెల జీతం కన్నా ఎక్కువ చెప్పి, "చూసేదానికి దుడ్లు లేవమ్మా, చూడు" అని పూర్తిగా విప్పి చూపించాడు నేసినాయన. మా వైపు అంగళ్ళలో కొననివాళ్ళకు మడత విప్పరు.

పాకాల మీదుగా మద్రాసు వైపు పోయే నా బండి సాయంత్రానికి గాని లేదు. స్టేషను అవతల రైల్వే క్వార్టర్లలో హనుమంతప్ప ఇల్లు కనుక్కున్నాను. పట్టాలు మార్చే పాయింట్‌మన్ ఆయన, నలభై అయిదు దాటిన మనిషి, అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. వాళ్ళావిడ బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. మూట విప్పి రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాక అడిగాడు.

"నువ్వు మాయమ్మ కాడ ఎన్నాళ్ళుంటివమ్మా?"

"ఆరు సాయంత్రాలు. దొరసానిగారి ఇంగ్లీషు వినడానికి వెళ్ళాను."

ఆయన నమలడం ఆపాడు.

"లోపల కూచుంటివా? ఆ యాలకు?"

"కూర్చున్నాను. దొరసానిగారు మాట్లాడే తీరు మీ అమ్మగారికి ఎంత బాగా పట్టుబడిందో! ఎన్నేళ్ళు విని ఉంటారో కదా."

హనుమంతప్ప పళ్ళెం పక్కన పెట్టాడు.

"ఇనలేదమ్మా" అన్నాడు. "ఒక్క దినం గూడా ఇనలేదు. మాయమ్మ ఆడ పనికి చేరేటప్పటికే దొరసానికి పక్షవాతమొచ్చి మాట పడిపోయుండాది. దొర అంతకుముందే సచ్చిపోయినాడు. పదకొండేండ్లు ఆ మంచంలో, ఆ కుర్చీలో. నోట్లోంచి గాలి దప్ప ఏం రాల్యా. ఆకలా, దప్పికా, నొప్పా, అన్నీ మాయమ్మే మొగం చూసి కనుక్కుంటాండె. ఇంగ ఎవురూ వచ్చేటోళ్ళు గాదు, పోయేటోళ్ళు గాదు."

బయట ఒక గూడ్సు బండి పోయింది. అది పోయేదాకా ఆగాడు.

"దొరసాని పోయిన నెలకు, నేను వాకిట్లో కట్టెలు కొడ్తాండా. మాయమ్మ ఎప్పుడూ మాదిరి టీ తీసుకొని లోపలికి పాయ. లోపల నుంచి తెల్లమనిషి మాట్లాడింది. గొడ్డలి ఆడనే పారేసి పరిగెత్తినా. ఇంగ ఆ యాలకు ఆ ఇంట్లోకి పోలేదు."

చేతిలోని గ్లాసు కింద పెట్టాను. భయం ఒక్కటే కాదు. రెండు రోజుల్లో పరీక్ష. ఎవరూ ఎన్నడూ వినని ఒక మనిషి ఇంగ్లీషు నేను నేర్చుకున్నాను. అది ఏ దేశపు ఇంగ్లీషు? అది ఇంగ్లీషేనా? అర్థమైందనుకున్నదంతా నా ఊహేనేమో. అవ్వ పదకొండేళ్ళు ఒక మొహాన్ని చదివింది. నా మొహాన్నీ అలాగే చదివి ఉంటుంది, నేను తప్పిన సంగతి అలాగే కనుక్కుని ఉంటుంది. అంతవరకు మనసుకు సర్దిచెప్పుకోగలిగాను. కానీ ఆ మాటలు? ఆ విరుపు? వేలిముద్ర వేసే మనిషికి అవి ఎక్కడివి?

హనుమంతప్ప అడిగాడు. గొంతు తగ్గించి, వాళ్ళావిడకు వినపడకుండా.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. ఏం మాట్లాడ్తాది దొరసాని?"

"ఎండ గురించి, టీ గురించి, రైళ్ళ గురించి. లేవబోయే ముందు మాత్రం రోజూ ఒకటే అడుగుతుంది. 'నీ కొడుకు అన్నం తిన్నాడా, నరసా?' అని."

"నా గురించా?"

"మీ గురించే."

"మాయమ్మ ఏమంటాది?"

"'తిన్నాడు తల్లీ' అంటుంది. ఆ తరవాతే కప్పులు తీస్తుంది."

"రోజూనా?"

"నేనున్న ఆరు రోజులూ."

ఆయన లేచి బయటికి వెళ్ళి పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చి వాళ్ళావిడతో, "చొక్కా ఇయ్యి. పెనుకొండ పోయొస్తా" అన్నాడు. "ఇప్పుడా? పోయేటప్పటికి నాలుగైతాది" అందామె. "కానీ" అన్నాడు. మధ్యాహ్నం బండి నేనే ఎక్కించాను. రైలు పెట్టెలో కూర్చున్నాక కిటికీలోంచి, "భయమైతాందమ్మా" అన్నాడు. నాకూ అవుతోందని చెప్పాను.

మద్రాసు, ఆ తరవాత

గదిలో పన్నెండు మందిమి. ఇద్దరు డాక్టర్లు, ఒక ఇంజనీరు, మిగతావాళ్ళు నాలాంటి పంతుళ్ళు. టేపు తిరిగింది. మొదటి మాటకే కిటికీలోంచి ఎండ బల్ల కాలును తాకినట్టు అనిపించింది. మగగొంతు, నేనెన్నడూ విననిది. అయినా ఏ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చేత్తో తడిమినంత స్పష్టంగా తెలిసింది. పెన్సిలు ఎక్కడా ఆగలేదు. నా పక్కనున్న ఇంజనీరు తల పట్టుకున్నాడు. పోయినసారి నేను పట్టుకున్నట్టే.

ముఖాముఖిలో ఉన్నది పెద్దవయసు దొర. నాలుగు ప్రశ్నలు అడిగి, నా జవాబులు విని, కలం కింద పెట్టాడు.

"మీరు మా దేశంలో ఏ ఊళ్ళో పెరిగారు?"

"నేను మద్రాసు దాటి ఎక్కడికీ వెళ్ళలేదండీ."

"మా అమ్మమ్మ ఇలా మాట్లాడేది" అన్నాడు. "ఇప్పుడు ఇలా ఎవరూ మాట్లాడరు." ఇంకేదో అడగబోయి మానేశాడు. నేను తలుపు దాకా వెళ్ళేవరకు నన్నే చూస్తున్నాడు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తరగతిలో పాఠం అనుసరించడానికి నా ఇంగ్లీషు సరిపోతుందని రాశారు. అప్పుడు మాత్రం, మొదటిసారి తప్పిన సంగతి కూడా నాన్నకు చెప్పాను. ఆయన చేలోకి వెళ్ళి మచ్చలున్న ఆకులు ఏరి, ఎండబెట్టి, కాగితంలో చుట్టి నా పెట్టెలో పెట్టాడు.

అదే వారం కామాక్షి జాబు. హనుమంతప్ప ఆ రోజు నాలుగ్గంటలకు లోపలికి వెళ్ళాడట. అవ్వ మూడు కప్పుల్లో టీ పోసిందట. ఎండ బల్ల కాలు తాకి, దాటి పోయింది, కుర్చీ మాట్లాడలేదు. "కూడు తింటివా నాయనా?" అని అవ్వే తెలుగులో అడిగిందట. అప్పటి నుంచి ఆదివారం ఆదివారం వస్తున్నాడు. గొంతు మాత్రం మళ్ళీ ఎవరికీ వినిపించలేదు. ధైర్యం చేసి తానూ గేటు దాటి వెళ్ళానని కామాక్షి రాసింది. అవ్వ ఆమెకూ టీ ఇచ్చింది. కామాక్షి ఉండబట్టలేక అడిగింది, "అవ్వా, దొరసాని ఇంగ మాట్లాడదా?"

అవ్వ కప్పులు తుడుస్తూ, అదేం ప్రశ్న అన్నట్టు చూసిందట.

"ఆమె ఈడ యాడుండాది తల్లీ? ఆ కోస్తా పిల్లతో పరీచ్చకు పాయ గదా. ఇంగా తిరిగి రాల్యా."